అయిదు చుక్కలు

కంచరపాలెంలో మా పుట్టింటికి రంగులు వేయిస్తున్నారంటే, పోయిన నెల ఒక ఆదివారం నా కూతురు ఆద్యను తీసుకుని వెళ్లాను. అటక మీది సామానంతా వరండాలోకి దించి ఉంది. అమ్మ ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని, ఏది ఉంచాలో ఏది పారేయాలో ఒక్కొక్కటీ తీసి చూస్తోంది. నాన్న కుర్చీ వేసుకుని కూర్చుని, అమ్మ పారేయమన్న ప్రతి వస్తువునీ కాలితో మెల్లగా ఉంచాల్సిన గుట్ట వైపు జరుపుతున్నాడు. ఆ గుట్టలోంచి ఆద్య ఒక బిస్కట్ల డబ్బా లాగింది. అందులో నా పాత ఓణీ ముక్కలో చుట్టిన నల్లటి వీడియో గేము ఉంది. రెండు చేతుల్తో పట్టుకుని ఆడేది. మధ్యలో తెర, ఎడమవైపు దిక్కుల మీటలు, కుడివైపు నాలుగు గుండ్రటి మీటలు. దాన్ని చూసి ఎన్నేళ్లయిందో లెక్క తట్టలేదు కానీ, చేతిలోకి తీసుకోగానే ఒక సంగతి గమనించాను. కుడివైపు మీటల మీద గుర్తులు పూర్తిగా అరిగిపోయి, గచ్చకాయల్లా నున్నగా ఉన్నాయి. అంత అరిగేదాకా నేను ఆడిన గుర్తు నాకు లేదు.

నాన్నది సబ్బవరం దగ్గర పల్లె. పోర్టులో క్రేను నడిపేవాడు. అమ్మవాళ్లు గోదావరి వైపు నుంచి తాతగారి ఉద్యోగం వెంట వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్లు. అందువల్ల మా ఇంట్లో ఒకే మాట రెండు రకాలుగా వినపడేది. నాన్న ‘ఏటి’ అంటే అమ్మ ‘ఏంటండీ’ అనేది. ఇద్దరిలో ఎవరూ ఎవరి మాటా నేర్చుకోలేదు. నాన్న డ్యూటీ నుంచి వచ్చేసరికి ఒంటి మీద గ్రీజు వాసన, చొక్కా కుట్లలో ఎర్రటి ధూళి ఉండేవి. అమ్మ ఆ చొక్కాల్ని విడిగా నానబెట్టి, ఉతికి, బయట ఆరేస్తే బొగ్గు నుసి పడుతుందని నడిమి గదిలోనే తాడు కట్టి ఆరేసేది. మేము అన్నం తినేటప్పుడు నాన్న చొక్కా చేతులు మా తలల మీద వేలాడుతూ ఉండేవి. ఎడమచేతి లివరుతో క్రేనును తిప్పాలి, కుడిచేతి లివరుతో బరువును ఎత్తాలి, దించాలి. ఈ సంగతి నాకు ఒకటో ఎక్కం కంటే ముందు తెలుసు. ఎందుకంటే నాన్న అన్నం కలిపేటప్పుడు కూడా, ఏదైనా చెబుతూ ఉంటే, ఎడమచెయ్యి గాలిలో మెల్లగా తిరిగేది.

నాకు పదమూడేళ్లు ఉన్నప్పుడు నాన్న కుడిచెయ్యి దెబ్బతింది. క్రేను నడిపేవాడికి కింద పని ఉండదు. ఆ రోజు కింద మనుషులు తక్కువయ్యారని తనంతట తనే దిగి సాయం పట్టాడట. బరువు కట్టే ఇనుపతాడుకీ హుక్కుకీ మధ్య చెయ్యి పడింది. వేళ్లు మిగిలాయి. బొటనవేలూ చూపుడువేలూ మాత్రం మాట వినడం మానేశాయి. నెలలపాటు మా ఇంట్లో గ్రీజు వాసన పోయి, నొప్పుల మందు వాసన వచ్చింది. పొద్దున్నే అమ్మ గిన్నెలో వేడినీళ్లు, ఉప్పు వేసి పెట్టేది. నాన్న అందులో చెయ్యి ముంచి, పక్కన రైలు పోతుంటే పెట్టెలు లెక్కపెట్టేవాడు. గూడ్సు వస్తే ఎక్కువసేపు ముంచినట్టు, ప్యాసింజరు వస్తే తక్కువసేపు ముంచినట్టు. చేతికి వ్యాయామం చేయించే ఆవిడ రబ్బరు బంతి ఇచ్చి పిసకమంది. రెండు రోజులు పిసికి, మూడో రోజు దాన్ని నా వైపు దొర్లించేశాడు.

అప్పుడే అప్పలరాజు మామ ఈ గేము తెచ్చాడు. ఆయన కూడా క్రేను నడిపేవాడే. నాన్నను బావా అని పిలిచేవాడు కాబట్టి నాకు మామ. వన్‌టౌన్‌లో ఓడల నుంచి దిగిన పాత సామాన్లు అమ్మే కొట్లో దొరికిందట.

“బంతి పిసికితే ఏటొస్తాది బావా, ఇది నొక్కు. బొటనేలికి మా మంచి పని” అన్నాడు.

మీట నొక్కితే తెర మీద ఏ దేశం అక్షరాలో వచ్చాయి. ఒక్క ముక్క చదవలేం. వాటి పక్కన మాకు తెలిసిన గుర్తు ఒకటే ఉంది, నిలువెత్తు ‘2’.

“రెండేటి? ఒకటేదిరా?” అన్నాడు నాన్న.

“ఒకటి ఓడలో ఉండిపోనాది బావా.”

“ఒకటి సూడకుండా రెండెలగాడతామురా? ఈళ్లెందుకు కొట్టుకుంతన్నారో తెలియాలా వద్దా?”

“కొట్టుకోడానికి కారణం కావాలేటి? మన గేటు దగ్గర సూడలేదా రోజూ!”

నాన్నకు అది చాలలేదు. ఆయనకి ఏదైనా మొదటి నుంచి రావాలి. సినిమాకి పది నిమిషాలు ఆలస్యమైతే లోపలికి వెళ్లకుండా వెనక్కి తీసుకొచ్చేసేవాడు. అందుకని మేము చూడని మొదటి భాగం కథను ఆయనే కట్టాడు. కాళ్లు పొడుగ్గా ఉన్న సన్నటివాడికి కొంగ అని పేరు పెట్టాం. ఎర్ర చొక్కా వేసుకుని అరిచేవాడు ఫోర్‌మాన్. మొదటి భాగంలో ఫోర్‌మాన్ టిఫిన్‌ను కొంగ తినేసిందట, అక్కడ మొదలైందట గొడవ. నాన్న తనకోసం ఎంచుకున్నది చాలా లావుపాటి మనిషిని. మెల్లగా కదులుతాడు, అందరి చేతా తన్నులు తింటాడు, కానీ దొరికితే అవతలివాణ్ణి అమాంతం ఎత్తేస్తాడు. వాడి పేరు చెప్పక్కర్లేదు, క్రేను. ఎత్తడానికి కుడివైపు రెండు మీటల్ని బొటనవేలితో ఒకేసారి నొక్కి, కాసేపు అలాగే పట్టి ఉంచి, అప్పుడు వదలాలి. ముందు వదిలితే బరువు జారిపోతుంది. నాన్న బొటనవేలు ముందే వదిలేసేది.

ఒక పోటీ నాది, ఒక పోటీ నాన్నది. ఎదుటివాణ్ణి గేమే ఆడించేది. మధ్యాహ్నాలు, నేను బడి నుంచి వచ్చాక, ఆరేసిన బట్టల కింద కూర్చుని ఆడేవాళ్లం. అమ్మ వంటింట్లోంచి “ఆ తన్నుకోడం ఏంటండీ, ఆడపిల్లకి నేర్పుతున్నారు” అనేది. “నాను నేర్పడం లేదు, అదే నాకు నేర్పతంది” అనేవాడు నాన్న. అందరినీ దాటితే చివర ఒక ముసలివాడు వచ్చేవాడు. తెల్లజుట్టు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాడు. కదలడు, దగ్గరికి రానిస్తాడు, వచ్చాక అరచేత్తో ఒక్కటి ఇస్తాడు. నాన్న వాణ్ణి చూసిన మొదటిరోజే డాక్టరుగారు అని పేరు పెట్టాడు.

ఆ పేరు ఊరికే పెట్టలేదు. డ్యూటీకి వెళ్లాలంటే పోర్టు డాక్టరు చెయ్యి చూసి, ఫిట్ అని రాయాలి. ఆ తర్వాత క్రేను ఎక్కించి చూస్తారు. ఫిట్ కాకపోతే లైట్ డ్యూటీ. ఈ రెండు మాటలు మా ఇంట్లో ఆ రోజుల్లో ఎంత బరువుగా ఉండేవో ఇప్పుడు చెప్పినా ఎవరికీ అర్థం కాదు. లైట్ డ్యూటీ అంటే గేటు పక్క గదిలో కూర్చుని పాసులు రాయడం. జీతం ఉంటుంది, ఎండ ఉండదు, ప్రమాదం ఉండదు. అమ్మ దానికోసం దేవుడికి మొక్కుకుంది. నాన్న దాని పేరు ఎత్తితే అన్నం ముందునుంచి లేచిపోయేవాడు. చివరికి ఒకరోజు అమ్మతో తేల్చి చెప్పేశాడు. “ఈ డాక్టర్ని కొట్టిన మర్నాడు ఆ డాక్టరు దగ్గరికెల్తాను. అప్పటిదాకా నన్నడక్కు.”

అమ్మ అడగలేదు. నాన్న కొట్టలేదు. రోజూ ముసలివాడి దాకా వెళ్లడం, అక్కడ బొటనవేలు జారడం, లావుపాటివాడు వెల్లకిలా పడడం. పడ్డప్పుడల్లా నాన్న గేమును నా చేతికిచ్చి, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, ఎవరో చుట్టం చెయ్యి చూసినట్టు చూసేవాడు. కొన్ని వారాలకి ఆయన మాట్లాడడం తగ్గింది. మొదటి భాగం కథలు ఆగిపోయాయి. అన్నం తింటూ ఉంటే ఎడమచెయ్యి కదలకుండా పళ్లెం పక్కన పడి ఉండేది.

ఒక మధ్యాహ్నం నాన్న పడుకుని ఉండగా, నేను చదవలేని ఆ అక్షరాలన్నీ ఒక్కొక్కటీ నొక్కి చూస్తూ ఒకచోట ఆగాను. అక్కడ అయిదు చుక్కలు వెలుగుతున్నాయి. ఎడమవైపు నొక్కితే నాలుగయ్యాయి. ఇంకా నొక్కితే ఒకటి. ఆ ఒక్క చుక్కతో ఆడి చూస్తే ముసలివాడు చేతులు కట్టుకుని నిలబడే ఉన్నాడు, కానీ కొట్టాల్సినప్పుడు ఆలస్యంగా కొడుతున్నాడు. మీట ముందే వదిలేసినా లావుపాటివాడు ఎత్తేస్తున్నాడు. అంతే నేను చేసింది. నా వంతు వచ్చినప్పుడు అయిదు పెట్టుకునేదాన్ని, నాన్నకి ఇచ్చేముందు ఒకటికి దించేదాన్ని. ఒక్కసారిగా గెలిస్తే అనుమానం వస్తుందని కొన్ని రోజులు మూడు, కొన్ని రోజులు రెండు పెట్టాను కూడా. ఆ వయసులో అంత ఆలోచన ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. ఇప్పుడు ఒక మనిషికి మందు మోతాదు మారుస్తున్నంత జాగ్రత్తగా చేశాననిపిస్తుంది.

రెండు వారాలకి నాన్న డాక్టర్ని కొట్టాడు. ఎత్తి, పట్టి ఉంచి, నేలకేసి కొట్టాడు. లేచి నిలబడితే ఆరేసిన చొక్కా తలకి తగిలింది. “సూసినావేటే సిట్టీ! సూసినావా!” అని నన్నొక్కదాన్నే కాదు, వంటింట్లో ఉన్న అమ్మను కూడా పిలిచాడు. అమ్మ వచ్చి, తెరనూ నాన్న మొహాన్నీ చూసి, గరిటెతో సహా వెళ్లిపోయింది. ఆ సాయంత్రం అప్పలరాజు మామ వచ్చాడు.

“రేపు డాక్టరు దగ్గరకెల్లి, ఎల్లుండి క్రేనెక్కుతాను. నువ్వు కిందుండి సూడు” అన్నాడు నాన్న.

“కిందెందుకు బావా, నీ హుక్కు కింద ఉండడానికి నాకేటి పిచ్చా?” అన్నాడు మామ. ఇద్దరూ నవ్వారు.

నాకు మాత్రం ఆ మాట దగ్గర నవ్వు ఆగిపోయింది. హుక్కు కింద మనుషులుంటారన్న సంగతి నాకు ఎప్పటినుంచో తెలుసు. అయినా అప్పటిదాకా నేను చేసిన పనికీ ఆ సంగతికీ సంబంధం ఉందని తోచలేదు. మర్నాడు పొద్దున నాన్న తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ఎడమచేత్తో చేస్తున్నాడు. నేను గేము పట్టుకుని వెళ్లి పక్కన నిలబడ్డాను. చుక్కలున్న చోటు తెరిచి చూపించాను. ఇది కష్టం నాన్నా, ఇది సులువు, అన్నాను.

నాన్న ఇస్త్రీపెట్టెను నిలబెట్టాడు.

“నాను కొట్టినప్పుడు ఎన్ని సుక్కలు?”

“ఒకటి.”

“మొదట్నుంచీనా?”

“కాదు. రెండు వారాల్నుంచి.”

మంచం అంచు మీద కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను. “అయిదెట్టు” అన్నాడు. పెట్టాను. మూడు పోటీలు ఆడాడు. మొదటిది వెంటనే పోయింది. రెండోదాంట్లో దాదాపు ఎత్తేశాడు, ముసలివాడి కాళ్లు నేల వదిలాయి, అప్పుడు జారింది. మూడోది ఆడుతున్నంతసేపూ ఆయన తెర చూడలేదు, తన బొటనవేలినే చూసుకున్నాడు. గేము నా చేతికిచ్చి, చొక్కా వేసుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం వచ్చి, కాళ్లు కడుక్కుని, “లైట్ డ్యూటీ తీసేసుకున్నాను” అన్నాడు అమ్మతో. డాక్టరు చెయ్యి చూడకముందే తనే అడిగాడట. అమ్మ ఆ రోజు పెసరట్లు వేసింది. సంతోషం దాచుకోవడం ఆవిడకి చేతకాదు. నాన్న నాలుగు తిన్నాడు. నా పక్కన చెయ్యి కడుక్కుంటూ మెల్లగా అన్నాడు. “నువ్వు సెప్పకపోతే ఎక్కేద్దును సిట్టీ. డాక్టరేదో రాసేద్దుడు, నాను ఎక్కేద్దును.” కోపం లేదు, మెచ్చుకోవడమూ లేదు. వాన పడేదే అన్నంత మామూలుగా చెప్పాడు.

ఆ తర్వాత నా ముందు ఆయన గేము ముట్టుకోలేదు. కానీ చుక్కలు మాత్రం ఇంట్లో మిగిలిపోయాయి. అమ్మ కూర ఎలా ఉందని అడిగితే “మూడు సుక్కలు” అనేవాడు. నేను పరీక్ష బాగా రాశానంటే “అయిదా, ఒకటా? నిజం సెప్పు” అనేవాడు. పెళ్లిచూపులకి వచ్చినవాళ్ల ముందు అమ్మ నా గురించి గొప్పగా చెబుతుంటే, నాన్న నావైపు చూసి పంచె మీద ఒక వేలు ఆడించాడు. నాకు నవ్వు ఆగలేదు. ఆ సంబంధం కుదిరింది కూడా. ఇప్పుడు మేము గాజువాకలో ఉంటాం. మా ఆయన స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టుల మీద వెళతారు. ఆద్య పడుకున్నాక, దాని ఊపిరి ఒకసారి విని వచ్చి, ఇది రాస్తున్నాను.

ఆద్యకి ఆరేళ్లు. వేసవిలో మెట్ల మీద పడి కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పాక, చెయ్యి వాడనివ్వండి, అదే సర్దుకుంటుంది అన్నారు. అది వాడదు. నేను వాడనివ్వను అన్నా తప్పులేదు. బొత్తాలు నేనే పెడతాను, పళ్లెం నేనే తీస్తాను. మా చిన్నప్పుడు నేను బడి నుంచి రావడం ఆలస్యమైతే అమ్మ వీధి మలుపు దాకా వచ్చి చూసేది, అంతే. నేను ఆద్య బస్సు ఏ మలుపులో ఉందో ఫోన్‌లో చూస్తూనే ఉంటాను. చూస్తూ ఉంటే తగ్గుతుందనుకున్న భయం చూసేకొద్దీ పెరిగింది. బళ్లో నీళ్లసీసా మూత ఎవరు తీసిస్తారన్నది నా పెద్ద బెంగ. అందుకని రోజూ పొద్దున మూత గట్టిగా బిగించి, మళ్లీ సగం తిప్పు వదులు చేసి పంపేదాన్ని. నీళ్లు కారవు, వేలితో తోస్తే తెరుచుకుంటుంది. “అమ్మా, మూత నేనే తీసుకున్నా” అని ఆద్య రోజూ చెప్పేది. పదిహేను రోజుల కిందట బడి నుంచి కాగితం వచ్చింది. పిల్లల్ని ఇనుప కమ్మీలు పట్టుకుని ఎక్కే ఆట ఆడిస్తారట. చేతులకి దెబ్బలు తగిలి ఉన్న పిల్లలైతే, ఇప్పుడు బాగుందని తల్లిదండ్రులు సంతకం చెయ్యాలి. ఆద్య ఆ కాగితం పట్టుకుని నా వెంట తిరుగుతోంది. “చెయ్యి బాగుంది కదమ్మా, మూత నేనే తీస్తున్నా కదా!”

ఈలోగా నాన్న గేముకి కొత్త బ్యాటరీ వేయించి, మనవరాలికి ఇద్దామని మా ఇంటికి తెచ్చాడు. మీట నొక్కగానే అదే ‘2’ వచ్చింది. ఆద్య ఆయన ఒళ్లో కూర్చుని, “తాతా, మరి ఒకటేదీ?” అంది. “ఓడలో ఉండిపోనాదమ్మా” అన్నాడు. నేను పాత అలవాటుగా అక్షరాలు నొక్కుకుంటూ పోతే, ఎవరు ఎవరిని గెలిచారో ఉండే పట్టీ వచ్చింది. లావుపాటివాడి బొమ్మ, ఎదురుగా ముసలివాడి బొమ్మ, వాటి కింద అయిదు చుక్కలు.

“నాన్నా, ఇదెప్పుడు?”

“నీ ఇంటరు పరీక్షలప్పుడు.”

“చెప్పలేదేం?”

“సెప్తే ఏటవుద్ది? అప్పటికి ఆ క్రేను కోసేసి తుక్కు కింద పట్టుకుపోనారు. కొట్టాలనిపించింది, కొట్టినాను. మీ అమ్మ పోపేత్తంది, దానికినపడలేదు.”

ఆ చేత్తో పాసులు రాస్తూ ఆయన రిటైరయ్యాడు. అన్నేళ్లు ఎవరూ లేనప్పుడు మీటలు అరగదీశాడన్నమాట. నేను ఒకరోజు ఒక చుక్కకి దించినదాన్ని, తిరిగి అయిదుకి తీసుకెళ్లడానికి ఆయన ఎన్నిసార్లు ఓడిపోయాడో అడగలేదు.

మర్నాడు పొద్దున వంటింట్లో నేను సీసా మూత తిప్పుతుంటే నాన్న కాఫీ కోసం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“ఏటి సేత్తన్నావే?”

“ఏం లేదు నాన్నా. మూత.”

సీసా తీసుకుని, బొటనవేలితో తోశాడు. మూత వచ్చేసింది. కాసేపు దాన్ని చేతిలో తిప్పి చూశాడు.

“ఎన్ని సుక్కలు?”

నేను ఆయన కాఫీ గ్లాసులో పోశాను.

“దానికి తెలుసా?”

“తెలీదు.”

“నాకూ తెలీదు, అప్పుడు” అన్నాడు. కాఫీ తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే ఆద్యకి మూత సంగతీ, తాత చుక్కల సంగతీ చెప్పాను. నాకు పదమూడేళ్లప్పుడు నాన్నకి చెప్పినదానికంటే కష్టంగా ఉంది. మొదట నవ్వింది. తర్వాత అర్థమై, సీసాను నావైపు తోసేసి, తాత పక్కకి పోయి అటు తిరిగి కూర్చుంది. రాత్రి అన్నం తినలేదు. నాన్న దాన్ని బతిమాలలేదు, నన్ను ఓదార్చనూ లేదు.

ఈ రోజు పొద్దున బస్సు దగ్గర, ఎక్కేముందు, ఆద్య సీసాను సంచిలోంచి తీసి పట్టుకుంది. సంతకం చెయ్యని కాగితం ఇంట్లో బల్ల మీదే ఉంది, అది దానికి తెలుసు.

“అమ్మా, బిగించావా?”

“బిగించాను.”

“ఎన్ని చుక్కలు?”

మూత పూర్తిగా బిగించాక, మనసొప్పక పావు తిప్పు వదులు చేశాను. అయినా అయిదు అందామని నోరు తెరిచాను. బస్సు ఆయా దాని చెయ్యి పట్టుకుని తొందరపెడుతోంది. ఆద్య నా మొహంలోకే చూస్తోంది.

“మూడు” అన్నాను. అది నిజం.